హోమ్ థియేటర్ సెట్ చేసుకుంటుంటే చెవులు గుయ్‌మంటున్నాయి, వాల్యూమ్ ఎంత వరకు పెట్టొచ్చు?

కావలి నుంచి అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇది. మేడ మీద 12×15 అడుగుల గదిలో 5.1.2 సెట్ (చుట్టూ ఐదు స్పీకర్లు, బేస్ అనే లోతైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్, నెత్తి మీద నుంచి శబ్దం రావడానికి పైకప్పుకు రెండు అట్మాస్ స్పీకర్లు) పెట్టుకుంటున్నారు. శని, ఆదివారాలు స్నేహితుడితో కలిసి బ్రాకెట్లు బిగించి, వైర్లు లాగి, సెట్టింగులు చూసుకున్నారు. ఆదివారం రాత్రి పడుకున్నాక రెండు చెవుల్లోనూ గుయ్‌మని మోత మొదలై, సోమవారం మధ్యాహ్నానికి తగ్గింది. వాల్యూమ్ ఎంత వరకు సేఫ్? ఇంట్లో ఎనిమిదేళ్ల పాప ఉంది, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఇళ్లలో థియేటర్ గదులు చేసిపెట్టడమే నా పని. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు సూటి జవాబు. రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) క్యాలిబ్రేషన్, అంటే మైకుతో స్పీకర్ల మోతను గదికి తగ్గట్టు సరిచేయడం, సరిగ్గా అయ్యాక వాల్యూమ్‌ని −20 డెసిబెళ్ల దగ్గర మొదలుపెట్టండి. మామూలు గదిలో −15 దాటాల్సిన పని ఉండదు. −10ని దాటకూడని గడపగా పెట్టుకోండి. డెనాన్ వాటిలో 0 నుంచి 98 వరకు అంకెలు కనిపిస్తుంటే 80 అంటే 0 డెసిబెల్ అన్నమాట, కాబట్టి 60 నుంచి 65 మధ్య మీ చోటు. అప్పుడు సోఫా దగ్గర నిజంగా వినిపించే మోత సినిమా మొత్తం మీద సగటు 70 డెసిబెళ్ల లోపు, పెద్ద పేలుడు వచ్చినప్పుడు 90కి అటూ ఇటూ ఉంటుంది. ఈ లెక్కలో ఉంటే రెండున్నర గంటల సినిమాకు మీ చెవులకేం కాదు.

చెవుల్లో ఆ గుయ్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తగ్గిపోయింది కదా అని మళ్లీ ఈ శనివారం కూర్చోవద్దు, ఈ వారం చెవులకు సెలవు ఇవ్వండి. మోత రెండు మూడు రోజులైనా పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టుగా ఉన్నా, ఒక వైపు వినికిడి ఒక్కసారిగా తగ్గినా ఆ రోజే వెళ్లాలి. చుక్కల మందు వేసుకుని వారం చూద్దాం అనుకునే సంగతి కాదది. అలాంటి దానికి వైద్యం తొందరగా మొదలుపెడితేనే ఫలితం.

ఇప్పుడు కారణాలు. మోత ఎంత అనేది ఒక్కటే చూస్తే చాలదు, ఎంతసేపు అనేదీ కలపాలి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ లెక్క ఇలా ఉంటుంది: 85 డెసిబెళ్ల మోతలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 100కి పావుగంట. 3 డెసిబెళ్లు పెంచితే చెవికి పెద్ద తేడా తెలియదు, కానీ లోపలికి పోయే శక్తి రెట్టింపవుతుంది. చిక్కంతా అక్కడే. ఇంకోటి, ఇది ఫ్యాక్టరీల్లో పనిచేసే పెద్దవాళ్ల కోసం వేసిన లెక్క. పాటలు వినే పరికరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఇంకా తక్కువ: పెద్దలకు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలకు 75 దగ్గర 40 గంటలు. మీ పాపకు ఆ 75నే గుర్తుపెట్టుకోండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమ కణాలు ఒక్కో చెవికి ఓ 15 వేలు ఉంటాయి. పోయినవి మనిషికి మళ్లీ పుట్టవు.

రిసీవర్ మీద 0 అంటే సినిమా వాళ్లు మిక్సింగ్ చేసే స్థాయి. అక్కడ ముందు స్పీకర్ ఒక్కొక్కటి 105 డెసిబెళ్ల దాకా, సబ్‌వూఫర్ చానల్ 115 దాకా కొట్టగలవు. పెద్ద హాలుకు వేసిన లెక్క అది. సూళ్లూరుపేటలో 2019లో వచ్చిన వి ఎపిక్ లాంటి హాలు తీసుకోండి (ఇప్పుడా ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది లెండి, మాకింకా నెల్లూరే). తెరే వంద అడుగుల వెడల్పు. స్పీకర్ నుంచి మీ సీటు ఎంత దూరమో ఊహించుకోండి. అదే మోతను మూడు గజాల దూరంలో, నాలుగు గోడల మధ్య పెడితే ఇంకా పెద్దగా, ఇంకా గరుకుగా అనిపిస్తుంది. అందుకే "థియేటర్ లెవెల్ రావాలన్నా" అని 0 దాకా తిప్పమనేవాళ్లతో నేను వాదించను, మీటర్ తీసి చేతికిస్తాను.

అసలు ప్రశ్న ఏంటంటే, మీ చెయ్యి రిమోట్ మీదికి ఎందుకు పోతోంది? నేను చూసిన ఇళ్లలో ఫైట్ల కోసం వాల్యూమ్ పెంచేవాళ్లు తక్కువ. మాటలు వినపడక పెంచుతారు. హీరోయిన్ ఏదో గొణుగుతుంది, అర్థం కాదు, ఐదు పాయింట్లు పెంచుతారు. మరుక్షణం విలన్ మనుషులు సుమోల్లో దిగుతారు, గది అదిరిపోతుంది, మళ్లీ తగ్గిస్తారు. ఆ తర్వాత తగ్గించడం మానేస్తారు. చెవులు అలవాటు పడిపోయాయి కాబట్టి. ఆ అలవాటు పడటమే చెవి అలిసిపోయిందనడానికి గుర్తు. కాబట్టి మాట తేటగా వినిపించేలా గదిని సరిచేసుకుంటే వాల్యూమ్ దానంతటదే పది డెసిబెళ్లు దిగుతుంది. చెవుల కోసం మీరు చేయగల పెద్ద పని ఇదే.

మొదట ఫ్యాన్. మన దగ్గర రోహిణి కార్తెలో కిటికీలు మూసి, ఫ్యాన్ ఐదులో పెట్టి, పైన పాత ఏసీ కూడా వేసి సినిమా చూస్తారు. ఖాళీగా ఉన్న గదిలోనే 50 డెసిబెళ్ల రొద. దాని మీద మాట తేలాలంటే వాల్యూమ్ ఎక్కాల్సిందే. సినిమాకు అరగంట ముందు ఏసీతో గది చల్లబరిచి, తర్వాత ఏసీ ఫ్యాన్‌ని తక్కువకు దించి, సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. రొద 40కి దిగితే మీకు పది డెసిబెళ్లు మిగిలినట్టే. ప్రొజెక్టర్ ఉంటే దాన్నీ తలకు దూరంగా పెట్టండి.

రెండోది నేల, గోడలు. ఒంగోలు వైపు ఇళ్లలో ఇదొక పెద్ద సమస్య. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చేతి దగ్గర దొరుకుతుంది కాబట్టి నేలకే కాదు, టీవీ గోడకు కూడా వేయిస్తారు. నక్షత్రాల్లా మెరుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. శబ్దానికి మాత్రం అది అద్దం. గదిలో చప్పట్లు కొట్టి చూడండి, ట్రింగ్‌మని తోక వినిపిస్తే మాటలు అలుక్కుపోతున్నాయని అర్థం. సోఫాకు, స్పీకర్లకు మధ్య మందపాటి కార్పెట్, కిటికీలకు బరువైన కర్టెన్లు వేస్తేనే సగం నయమవుతుంది. ఇంకా ఖర్చు పెట్టగలిగితే రెండంగుళాల రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార) ప్యానెళ్లు గుడ్డ చుట్టి పక్క గోడలకు పెట్టించండి. ఎక్కడ పెట్టాలో తెలియడానికి మీరు సోఫాలో కూర్చోండి, మీ స్నేహితుణ్ణి పక్క గోడ మీద అద్దం జరుపుకుంటూ పొమ్మనండి. అద్దంలో మీకు స్పీకర్ కనిపించిన చోటే ప్యానెల్. గుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే వినకండి, అవి చేసేదేమీ లేదు, పైగా అంటుకోవడానికి నిప్పు రవ్వ చాలు.

మూడోది సెంటర్ స్పీకర్. సినిమాలో మాటలన్నీ దాదాపు దీంట్లోనే వస్తాయి. దాన్ని టీవీ స్టాండ్ అరలో లోపలికి తోసి, ముందు దేవుడి బొమ్మలు, సెట్‌టాప్ బాక్సు పెడతారు. బయటికి లాగి, అర అంచుకు సరిగ్గా ఆనించి, ముఖం మీ చెవుల వైపు తిప్పండి. కింద ఉంటే ముందు వైపు కాస్త ఎత్తు పెట్టండి. అప్పటికీ చాలకపోతే మొత్తం వాల్యూమ్ ముట్టుకోకుండా, స్పీకర్ లెవెల్స్ మెనూలో సెంటర్ ఒక్కదాన్ని 2 లేదా 3 డెసిబెళ్లు పెంచండి.

నాలుగోది సబ్‌వూఫర్. మీ గది 12 అడుగుల వైపు 47 హెర్ట్జ్ (శబ్దం ఎంత లోతుగా, ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) దగ్గర, 15 అడుగుల వైపు 38 దగ్గర బేస్ ఉబ్బుతుంది. మూలలో పెడితే మరీను. బేస్ చెవిని నేరుగా అంతగా దెబ్బతీయదు, చెవికి ఎక్కువ కష్టం 2 నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య. కానీ ఉబ్బిన బేస్ తనకంటే పై శబ్దాలను కప్పేస్తుంది, మాట మునిగిపోతుంది, మీ చెయ్యి మళ్లీ రిమోట్ మీదికి పోతుంది. సబ్‌ని తాత్కాలికంగా మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఆగకుండా సాగే పాటేదైనా వేసి, గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ ధబధబ లేకుండా సమంగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టండి. ఇంట్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

చిన్న స్పీకర్లతో కంటే మంచి స్పీకర్లతోనే ప్రమాదం ఎక్కువని నా అభిప్రాయం. వేల వాట్లు అని అట్ట మీద రాసుండే చౌక సెట్లు కాస్త పెంచగానే కీచుమంటాయి, మనమే విసుగొచ్చి తగ్గిస్తాం. మంచి రిసీవర్, మంచి స్పీకర్లు 95 దగ్గర కూడా వెన్నలా వినిపిస్తాయి. బాగుంది కదా అని అక్కడే ఉండిపోతాం. వినడానికి హాయిగా ఉందంటే చెవికి సేఫ్ అని కాదు. నమ్మాల్సింది మీటర్‌నే.

మీటర్ అంటే పెద్ద ఖర్చేం కాదు. ఐఫోన్ ఉంటే నియోష్ వాళ్ల సౌండ్ లెవెల్ యాప్ ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లలో మైకులు ఒక్కోటి ఒక్కో రకం, అంకెలు అటూ ఇటూ పోతాయి, కాబట్టి రెండు మూడు వేల లోపు చిన్న మీటర్ ఒకటి కొనుక్కోవడం మేలు. మీటర్‌లో ఏ-వెయిటింగ్ (చెవి వినే తీరుకు తగ్గట్టు కొలిచేది), స్లో అనే సెట్టింగులు పెట్టి, కూర్చున్నప్పుడు మీ చెవి ఉండే ఎత్తులో పట్టుకుని ఒక పది నిమిషాల సగటు చూడండి. ఒక్క క్షణం కనిపించిన పెద్ద అంకె చూసి భయపడొద్దు.

ఇక మీకు నిజంగా దెబ్బ తగిలింది సెట్టింగ్ చేసిన ఆ రెండు రోజుల్లోనే. సినిమా చూసేటప్పటి కంటే ఆ రోజులే గండం. పొద్దున డ్రిల్లింగ్, మధ్యాహ్నం టెస్ట్ టోన్లు, సాయంత్రం డెమో. చెవికి విరామమే లేదు.

మీరు అట్మాస్ బ్రాకెట్ల కోసం స్లాబ్‌లో హ్యామర్ డ్రిల్ వేసే ఉంటారు. ఖాళీ గదిలో తల పక్కనే ఆ మిషను 100 డెసిబెళ్లకు తగ్గదు. పైన నియోష్ లెక్క చూడండి, పావుగంట. ఎనిమిది బొక్కలు వేయడానికే అది అయిపోతుంది. దూది పెట్టుకుంటే సరిపోదు, దాంతో ఒరిగేదేమీ లేదు. మెడికల్ షాపులోనో హార్డ్‌వేర్ షాపులోనో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్గులు తీసుకోండి. సన్నగా వత్తి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దోపి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు మొదట్లో "మాకెందుకన్నా ఇవి" అనేవాళ్లు. ప్లగ్గు లేకపోతే డ్రిల్ ముట్టుకోనివ్వను, అంతే. నిచ్చెన పట్టుకున్నవాడికి కూడా కావాలి, అది ఎవరికీ గుర్తుండదు.

వైర్లు పెట్టేటప్పుడు రిసీవర్, సబ్ రెండూ గోడ దగ్గర స్విచ్ ఆపి ఉండాలి. ఆన్‌లో ఉండగా సబ్ వైరు పీకినా, దోపినా బర్‌ర్‌మని పూర్తి శక్తితో కొడుతుంది. అన్నీ కలిపాక వాల్యూమ్ −50కి దించి, అప్పుడు ఆన్ చేసి, మెల్లగా ఎక్కండి. ఎర్రది ఎర్రదానికే, నల్లది నల్లదానికే పోయిందా చూసుకోండి. ముందు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తిరగబడితే శబ్దం బోలుగా అయిపోతుంది, మళ్లీ వాల్యూమ్ పెంచుతారు.

ఆటోమేటిక్ క్యాలిబ్రేషన్ నడిచేటప్పుడు మైకును స్టాండ్ మీద పెట్టి, మీరు గది బయటికి రండి. సోఫాలో తల పెట్టి కూర్చోవద్దు. ఆ వూప్ వూప్ టోన్లు ఒక్కో చోటికి ప్రతి స్పీకర్ నుంచీ మోగుతాయి, ఆరు చోట్ల మైకు మారిస్తే ఎంతసేపో లెక్కేసుకోండి. మీరు లోపలుంటే లెక్క కూడా తప్పుతుంది. చేత్తో సెట్ చేసేవాళ్లు టెస్ట్ టోన్‌ని 75 దగ్గరే ఉంచండి, అంతకన్నా అవసరం లేదు.

డెమో సంగతి వేరే చెప్పాలి. గృహప్రవేశం రోజు నుంచి ఓ నెల పాటు వచ్చిన చుట్టమల్లా పైకెక్కి "ఏందబ్బా, ఇంత ఖర్చు పెట్టింది ఈ సౌండ్‌కేనా, పెంచు" అంటారు. ఒకే ఫైట్ సీను, అదీ సినిమాలోకెల్లా పెద్ద మోత ఉన్న మూడు నిమిషాలు, రోజుకు ఆరేడు సార్లు. వాళ్లు చూసేది ఒకసారి, మీరూ పాపా వినేది ప్రతిసారీ. డెమోకు పాట వేయండి, వర్షం సీను వేయండి, నెత్తి మీద చినుకులు వినిపిస్తే చాలు, అట్మాస్ ఎందుకు పెట్టారో వాళ్లకే అర్థమవుతుంది.

పాప కోసం మూడు సెట్టింగులు ఇప్పుడే చేసేయండి. రిసీవర్ మెనూలో వాల్యూమ్ లిమిట్ అని ఉంటుంది (యమహాలో మ్యాక్స్ వాల్యూమ్), దాన్ని −10 దగ్గర కట్టేయండి. పవర్ ఆన్ లెవెల్ లేదా ఇనిషియల్ వాల్యూమ్ అనేదాన్ని −35 పెట్టండి. నిన్న రాత్రి మీరు ఎక్కడ వదిలారో, పొద్దున పాప కార్టూన్ అక్కడ మొదలవకుండా ఇది ఆపుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది. మూడోది, రాత్రిపూట నైట్ మోడ్ లేదా డైనమిక్ వాల్యూమ్. ఇది మాటలను పైకెత్తి పేలుళ్లను నొక్కుతుంది. శబ్దం చప్పబడుతుందని మాలాంటి వాళ్లు ముఖం చిట్లిస్తాం గానీ ఇంట్లో పిల్లలుంటే నేనే ఆన్ చేసి వస్తాను.

కూర్చునే చోటు కూడా చూడండి. పిల్లలు నేల మీద, టీవీకి నాలుగడుగుల్లో చతికిలపడతారు. దూరం సగమైతే మోత 6 డెసిబెళ్ల దాకా పెరుగుతుంది. మీకు 70 ఉన్నది పాపకు 75 దాటొచ్చు. అలాగే సోఫాను వెనక గోడకు ఆనించి, సరౌండ్ స్పీకర్లను పక్కనే చెవుల ఎత్తులో బిగిస్తారు. చివర కూర్చున్న మనిషికి, చాలా ఇళ్లలో అది అమ్మమ్మే, స్పీకర్ చెవిలోనే ఉన్నట్టు. చెవుల కంటే రెండడుగులు పైకి బిగించి, సోఫాను కనీసం మూడడుగులు ముందుకు జరపండి.

ఒక ఇంటి సంగతి చెబుతాను. ఒంగోల్లో, చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే ఒకాయన. యాభై దాటాయి. "సెంటర్ స్పీకర్ బాలేదు, మార్చండి, మాటలే తెలియట్లేదు" అని మూడోసారి పిలిపించారు. నాకూ, ఆయన భార్యకూ, కొడుకుకూ మాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి. ఆయన మాత్రం −8 దాకా పెంచుకుని వింటున్నారు, ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ లేచిపోతున్నారు. టీవీ ఆపేసి, ఆయన వెనక నిలబడి మామూలు గొంతుతో "సీత, చేత, పీట" అని మెల్లగా చెప్పి, తిరిగి చెప్పమన్నాను. మూడింటికీ మొదటి అక్షరం తడబడ్డారు. స, చ, త లాంటి వాటి స్పష్టత పై శబ్దాల్లో ఉంటుంది, మోత వల్ల ముందు దెబ్బతినేది అక్కడే. స్పీకర్ మార్చను, ముందు ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినిపిస్తోందో గీతగా చూపే వినికిడి పరీక్ష) తీయించుకోండి అన్నాను. ముఖం మాడ్చుకున్నారు గానీ వెళ్లారు. రెండు చెవుల్లోనూ 4 వేల హెర్ట్జ్ దగ్గర గీత గుంటలోకి దిగింది. ఏళ్ల తరబడి కటింగ్ మిషన్ల పక్కన ఏమీ పెట్టుకోకుండా నిలబడినందుకు వచ్చే గుంట అది అని డాక్టరే చెప్పారట. ఇప్పుడు వినికిడి మిషన్ పెట్టుకుని −18లో చూస్తున్నారు.

ఇది ఎందుకు చెప్పానంటే, మీ ఇంట్లో ఒక్కరికే మాటలు వినపడట్లేదంటే తప్పు సెట్‌లో వెతక్కండి. రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్ల పక్కన పడుకునేవాళ్లు, రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు, వయసు పైబడినవాళ్లు ఇంట్లో ఉంటే ఒకసారి పరీక్ష చేయించడం స్పీకర్ మార్చడం కంటే చవక. ఆ ఒక్కరి కోసం అందరి వాల్యూమ్ పెంచకండి, వాళ్లకు విడిగా వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ఇవ్వండి, దానికీ వాల్యూమ్ లిమిట్ పెట్టి.

పక్కింటివాళ్ల సంగతి ఒక్క మాట: మన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెళ్లు. మేడ మీద గది, కిటికీలు తెరిచి ఉంటే మీ సబ్ దాన్ని సులభంగా దాటుతుంది. సబ్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే కింది గదికి అదురు తగ్గుతుంది గానీ, కిటికీ గుండా పోయేది ఆగదు.

మీ రిసీవర్ మోడల్, సోఫా నుంచి వెనక గోడకు ఎంత దూరం, నేలకు ఏం వేశారు, ఈ మూడూ రాయండి. మెనూలో ఏది ఎక్కడుందో, ప్యానెళ్లు ఎన్ని కావాలో చెబుతాను. ఆ లోపల సెట్ ఆన్ చేయకండి.